తుంటి కీలులో చిరుగు: కుట్టగలిగేది ఏది, కుట్టినా ఆగనిది ఏది

'రైట్ హిప్, యాంటీరోసుపీరియర్ లేబ్రల్ టేర్.' అంటే కుడి తుంటి గుంట అంచున ఉండే పట్టీలో, ముందు పైభాగాన చిరుగు. ఇంటిల్లిపాదికీ టెన్షన్ పట్టుకోవడానికి ఎమ్మారై రిపోర్టులో ఈ ఒక్క ముక్క చాలు. ఒక ఆర్థోపెడిక్ డాక్టరు కీహోల్ సర్జరీ చేసి కుట్టేద్దాం అంటారు. ఇంకొకరు మూడు నెలలు ఫిజియోథెరపీ చేయించి చూద్దాం అంటారు. మూడో ఆయన ఫిల్మ్ చూసి, ఇలాంటి చిరుగులు చాలామందికి ఉంటాయి, పట్టించుకోకండి అని పంపేస్తారు. ముగ్గురూ అనుభవం ఉన్నవాళ్లే, చూసిందీ ఒకే ఫిల్మ్. ఇక పేషెంటు ఎవరి మాట నమ్మాలి?

నిజానికి ముగ్గురి మాటల్లోనూ ఆధారం ఉంది. చిరుగు ఒక్కదాన్నే పట్టుకుని చూస్తే ఏమీ తేలదు. అది ఎందుకు చిరిగింది, దాని పక్కనున్న మృదులాస్థి (కార్టిలేజ్) ఇంకా ఎంత మిగిలింది, నొప్పి నిజంగా అక్కడినుంచే వస్తోందా అన్నవి చూడాలి. వీటి జవాబులను బట్టే అదే చిరుగు ఒకరిని ఆపరేషన్ థియేటర్ దాకా తీసుకెళ్తుంది, ఇంకొకరిని ఇంటికి పంపిస్తుంది. 2013లో పాప్ గాయని లేడీ గాగా తన ప్రపంచ పర్యటనను మధ్యలో రద్దు చేసుకున్నది ఈ చిరుగు వల్లే. అప్పటినుంచి పేరు చాలామందికి తెలిసింది కానీ గందరగోళం మాత్రం తగ్గలేదు.

ఒకే కీలులో రెండు రకాల మృదులాస్థి

తుంటి బంతిగిన్నె కీలు అని బడి పుస్తకాల్లో చదువుకున్నదే. తొడ ఎముక పైకొసన గుండ్రటి తల ఉంటుంది. అది కటి ఎముకలోని గుంటలో ఇమిడి అన్ని వైపులకూ తిరుగుతుంది. తల మీదా, గుంట లోపలా తెల్లగా నున్నగా ఒక పూత ఉంటుంది. మోకాళ్ల విషయంలో 'గుజ్జు అరిగిపోయింది' అని మనం అనేది ఈ పూత గురించే. దీనికి రక్తనాళాలు లేవు, నరాలూ లేవు. అందుకే అరుగుదల మొదలైన చాలా కాలం దాకా తెలియదు, అరిగింది మళ్లీ మామూలుగా పెరగదు.

రెండోది లేబ్రమ్. గుంట అంచు పొడవునా అతుక్కుని ఉండే పట్టీ ఇది. అడ్డంగా కోసి చూస్తే త్రికోణంలా కనిపిస్తుంది. గట్టి పీచు అల్లిక ఉన్న మృదులాస్థి. కింది వైపు కాస్త మేర వలయం పూర్తి కాదు, అక్కడ ఒక లిగమెంటు రెండు చివరల్నీ కలుపుతుంది. ప్రెషర్ కుక్కర్‌లో గాస్కెట్ చేసే పనే ఇక్కడ లేబ్రమ్ చేస్తుంది. లోపలి ద్రవం బయటికి జారిపోకుండా సీలు వేస్తుంది. ఆ ద్రవం నిలిచి ఉన్నంతసేపు రెండు నున్నటి పూతలూ నేరుగా రాసుకోవు. పైగా ఆ సీలు వల్ల పుట్టే పీడనం తొడ ఎముక తలను గుంటలోకి పీల్చి పట్టి ఉంచుతుంది.

లేబ్రమ్‌లో నరాల కొసలు ఉంటాయి, కాబట్టి చిరిగితే నొప్పి తెలుస్తుంది. రక్తం మాత్రం బయటి వైపు నుంచి, అంటే కీలును కప్పి ఉంచే క్యాప్సూల్ వైపు నుంచే వస్తుంది. లోపలి అంచుకు దాదాపు అందదు. సర్జన్లు లేబ్రమ్‌ను కుట్టగలగడానికీ, ఆ కుట్టు కొన్నిచోట్ల బాగా అతికి కొన్నిచోట్ల అతకకపోవడానికీ కారణం ఇదే.

మొత్తానికి 'తుంటిలో కార్టిలేజ్ చిరిగింది' అన్నప్పుడు అది అంచు పట్టీయా, లోపలి పూతా అన్నది మొదట తేలాలి. పట్టీని కుట్టి బిగించవచ్చు. పూత అరిగిపోయి ఉంటే దాన్ని తిరిగి తెచ్చే కుట్టు లేదు. చిన్న ముక్క లేచిపోయిన చోట ఎముకకు సన్నటి రంధ్రాలు పెట్టి రక్తం ఊరేలా చేసే పద్ధతి ఉంది. కానీ అక్కడ పుట్టేది అసలు పూత కాదు, నాణ్యత తక్కువైన పీచు మృదులాస్థి.

అంచు ఎందుకు చిరుగుతుంది

ఇది అర్థం కావడానికి స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరానికి వెళ్లాలి. అక్కడి సర్జన్ రైన్‌హోల్డ్ గాంజ్, ఆయన బృందం తొడ ఎముక తలకు రక్తం ఆగిపోకుండానే కీలును పూర్తిగా విప్పి చూసే పద్ధతిని కనిపెట్టి 2001లో ప్రచురించారు. అంతకుముందు ఆ పని చేస్తే తల ఎముక చచ్చిపోతుందన్న భయం ఉండేది. ఆ పద్ధతితో 600కు పైగా తుంట్లను విప్పి చూశాక 2003లో వాళ్లు ఒక వాదన ముందుకు తెచ్చారు. కారణం తెలియదు అనుకుంటున్న తుంటి ఆర్థరైటిస్‌లో చాలా భాగానికి మూలం ఎముకల ఆకారంలోనే ఉందని, కదిలినప్పుడల్లా ఒక ఎముక ఇంకోదానికి తగిలి అంచును, పూతను నలిపేస్తోందని వాళ్లన్నారు. వైద్య భాషలో దీన్ని ఫెమోరోఎసిటాబ్యులర్ ఇంపింజ్‌మెంట్ అంటారు, వాడుకలో ఎఫ్ఏఐ.

ఇందులో రెండు రకాలు. మొదటిది క్యామ్. తొడ ఎముక తల, మెడ కలిసే చోట సన్నగా నొక్కుకుని ఉండాల్సింది ఉబ్బుగా ఉంటుంది. కాలు లోతుగా వంచినప్పుడు ఆ ఉబ్బు గుంట అంచు కిందికి దూరుతుంది. దూరుతూ లేబ్రమ్‌ను బయటికి నెడుతుంది, దాని పక్కనున్న పూతను ఎముక మీది నుంచి లేపేస్తుంది. పట్టీకీ పూతకూ మధ్య ఉన్న అతుకు అక్కడ విడిపోతుంది. రెండోది పిన్సర్. గుంట అంచు మరీ ముందుకు పెరిగి తలను ఎక్కువగా కప్పేస్తుంది. ఇందులో లేబ్రమ్ రెండు ఎముకల మధ్య నలుగుతుంది, పూతకు దెబ్బ సన్నటి పట్టీ మేరకే ఉంటుంది. చాలామందిలో రెండూ కలిసే కనిపిస్తాయి. క్యామ్ ఉబ్బు టీనేజ్‌లో, ఎముక ఇంకా పెరుగుతున్న వయసులో, ఫుట్‌బాల్, ఐస్ హాకీ లాంటి ఆటలు తీవ్రంగా ఆడేవాళ్లలో ఎక్కువగా ఏర్పడుతుందని పరిశోధనలు చెబుతున్నాయి.

దీనికి పూర్తిగా ఉల్టా కారణం ఇంకోటి ఉంది. అది డిస్‌ప్లేసియా, అంటే గుంట పుట్టుకతోనే లోతు తక్కువగా ఉండటం. ఎముక మోయాల్సిన బరువు కొంత లేబ్రమ్ మీద పడుతుంది. అది మొదట లావెక్కుతుంది, తర్వాత చిరుగుతుంది. ఇవి కాక పడిపోవడం, యాక్సిడెంట్లు, కీళ్లు మరీ వదులుగా ఉండటం కూడా కారణాలే.

ఫిల్మ్ మీద క్యామ్ వల్ల వచ్చిన చిరుగు, డిస్‌ప్లేసియా వల్ల వచ్చిన చిరుగు ఒకేలా కనిపించవచ్చు. మొదటిదానికి ఎముకను చెక్కాలి, రెండోదానికి గుంట కప్పును పెంచాలి. రెండోవాళ్ల గుంట అంచును పొరపాటున చెక్కితే ఉన్న కాస్త ఆధారమూ పోతుంది.

చిరుగు కనిపించింది, నొప్పి దానిదేనా?

2012లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనం ఈ రంగంలో చాలామందిని ఆలోచనలో పడేసింది. తుంటి నొప్పి అసలే లేని 45 మంది వాలంటీర్లకు ఎమ్మారై తీశారు. వయసు 15 నుంచి 66 దాకా. ఆ తుంట్లలో 69 శాతంలో లేబ్రల్ చిరుగు కనిపించింది. అంటే ఏ బాధా లేని మనిషికి స్కాన్ తీసినా చిరుగు అని రిపోర్టు వచ్చే అవకాశం సగానికి పైనే. మొదట్లో చెప్పుకున్న మూడో డాక్టరు ధీమాకు కారణం ఇదే.

అందుకే 2016లో వివిధ దేశాల నిపుణులు వార్విక్ ఒప్పందం పేరుతో ఒక ఏకాభిప్రాయానికి వచ్చారు. లక్షణాలు, డాక్టరు పరీక్షలో తేలే ఆనవాళ్లు, స్కాన్‌లో కనిపించే ఆకారం, ఈ మూడూ కలిస్తేనే దాన్ని ఎఫ్ఏఐ సిండ్రోమ్ అనాలి. ఏ ఒక్కటో ఉంటే చాలదు.

లక్షణాలంటే ఎక్కువగా గజ్జల్లో నొప్పి. ఎక్కడ నొప్పి అని అడిగితే చాలామంది ఒక వేలితో చూపించరు. బొటనవేలు వెనక్కి, మిగతా వేళ్లు ముందుకు పెట్టి తుంటిని పక్కనుంచి పట్టుకుని చూపిస్తారు. ఆ చెయ్యి ఇంగ్లిష్ సి అక్షరంలా ఉంటుంది కాబట్టి డాక్టర్లు దాన్ని సి సైన్ అంటారు. కారులోంచి దిగేటప్పుడు, చాలాసేపు కూర్చుని లేచేటప్పుడు పట్టేసినట్టు అనిపించడం, లోపల టక్‌మన్న చప్పుడు కూడా వింటుంటాం. పరీక్షలో తొడను పొట్ట వైపు వంచి, లోపలికి తెచ్చి, తిప్పుతారు. గజ్జలో చురుక్కుమంటే అనుమానం బలపడుతుంది. అయితే ఈ పరీక్ష చిరుగు ఉన్నవాళ్లను పట్టుకోవడంలో మంచిదే కానీ, లేనివాళ్లను వేరు చేయడంలో బలహీనం.

అనుమానం ఇంకా మిగిలితే కీలులోకి మత్తుమందు ఇంజెక్షన్ ఇస్తారు. కొన్ని గంటలపాటు నొప్పి మాయమైతే దాని మూలం కీలు లోపలే ఉన్నట్టు. ఏమాత్రం తగ్గకపోతే నడుము డిస్కు, హెర్నియా, కండరాల స్నాయువుల వైపు చూడాల్సి ఉంటుంది. నా లెక్కలో ఈ ఇంజెక్షన్ చెప్పే విషయం ఒక్కోసారి ఎమ్మారై చెప్పేదానికన్నా విలువైనది.

మన దగ్గర ఇంకో మాట కలపాలి. గజ్జ నొప్పితో వచ్చిన యువకుల్లో తెలుగు రాష్ట్రాల డాక్టర్లకు ముందు గుర్తొచ్చేది లేబ్రమ్ కాదు, ఏవీఎన్. రక్తం అందక తొడ ఎముక తల చచ్చిపోయే జబ్బు అది. స్టెరాయిడ్లు, మద్యం దానికి ప్రధాన కారణాలు. కోవిడ్‌లో స్టెరాయిడ్లు ఎక్కువగా వాడాక ఆ కేసులు పెరిగాయి. ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లకూ ఇది వస్తుంది. తుంటి క్షయ, వెన్ను కీళ్లు బిగుసుకుపోయే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ కూడా జాబితాలో ఉంటాయి. ఏవీఎన్ ఉన్న తుంటిలో లేబ్రమ్ కూడా చిరిగి కనిపించవచ్చు. అప్పుడు చిరుగును కుట్టడం వల్ల ఒరిగేదేమీ ఉండదు.

ఆపరేషన్ బల్ల మీద జరిగేది

తుంటిలోకి కెమెరా పంపడం మోకాలిలోకి పంపినంత తేలిక కాదు. 1931లో న్యూయార్క్ డాక్టర్ మైకేల్ బర్మన్ శవాల కీళ్లలోకి కెమెరా గొట్టం పెట్టి చూస్తూ, తుంటిలో తలకూ గుంటకూ మధ్యకు వెళ్లడం అసాధ్యమని రాశారు. కాలును లాగి పట్టకపోతే ఆ మాట ఇప్పటికీ నిజమే.

ఆపరేషన్ మామూలుగా పూర్తి మత్తులో జరుగుతుంది. పాదాలకు మెత్తటి బూట్లు తొడిగి, వాటిని ప్రత్యేకమైన బల్లకు బిగిస్తారు. తొడల మధ్య మెత్తటి స్తంభం ఆనించి కాలును లాగుతారు. పక్కన సి-ఆర్మ్ ఎక్స్‌రే యంత్రం తెర మీద చూపిస్తూ ఉంటుంది. మొదట ఎంత లాగినా సీలు పట్టు వల్ల తల త్వరగా కదలదు. సన్నటి సూది లోపలికి వెళ్లి గాలి చొరబడగానే ఆ పట్టు వీడుతుంది, తెర మీద తలకూ గుంటకూ మధ్య సన్నటి నల్లని గీత విచ్చుకుంటుంది. సుమారు ఒక సెంటీమీటరు ఎడం వస్తే చాలు. సర్జన్ పని మొత్తం ఆ ఎడంలోనే. ఈ లాగుడు వీలైనంత వరకు రెండు గంటలు దాటకూడదని నియమం, దాటితే నరాల మీద ఒత్తిడి పెరుగుతుంది.

తొడ పక్కన, ముందు రెండు మూడు చిన్న గాట్లు పెట్టి, వాటిలోంచి కెమెరాను, పరికరాలను పంపుతారు. తుంటికి వాడే కెమెరా కొస నేరుగా చూడదు, 70 డిగ్రీల వాలుగా చూస్తుంది. లేకపోతే గుండ్రటి తల వంపు వెనక ఏముందో కనిపించదు. క్యాప్సూల్‌ను కొద్దిగా కోసి దారి చేసుకుంటారు. కొక్కెంలాంటి పరికరంతో లేబ్రమ్‌ను లాగి చూస్తే చిరుగు ఎంత లోతో, పక్కన పూత ఎంత లేచిందో అప్పుడు తెలుస్తుంది.

కుట్టడానికి ముందు గుంట అంచు ఎముకను చిన్న డ్రిల్‌తో కాస్త గీకి రక్తం ఊరేలా చేస్తారు, అతుకు పట్టాలంటే ఆ రక్తం కావాలి. ఆ తర్వాత అంచులో సన్నటి రంధ్రం వేసి అందులో యాంకర్ దిగ్గొడతారు. యాంకర్ అంటే దారం తగిలించిన చిన్న మేకు. ఇప్పటివి చాలావరకు ప్లాస్టిక్ లాంటి పదార్థంతోనో, పూర్తిగా దారంతోనో చేసినవే. ఆ దారాన్ని లేబ్రమ్ చుట్టూ తిప్పో, దాని గుండా గుచ్చో ఎముకకు బిగిస్తారు. ముడి తల వైపు పడితే నడిచిన ప్రతిసారీ పూతకు రాసుకుంటుంది, కాబట్టి దాన్ని క్యాప్సూల్ వైపే ఉంచుతారు. చిరుగు పొడవును బట్టి ఇలాంటి యాంకర్లు ఒకటి నుంచి నాలుగైదు దాకా పడతాయి. ఇక్కడ సర్జన్లకు ఉండే పెద్ద భయం డ్రిల్ కోణం. అది కొద్దిగా లోపలికి తిరిగినా కొస కీలు లోపలి పూతను చీల్చుకుని బయటపడుతుంది.

తర్వాత లాగుడు వదిలేసి, కాలును వంచి, క్యామ్ ఉబ్బును చెక్కుతారు. దీనికే ఎక్కువ లెక్క కావాలి. తక్కువ చెక్కితే తగులుడు మిగిలిపోతుంది. మెడ మందంలో దాదాపు 30 శాతం దాటి చెక్కితే ఎముక బలం బాగా పడిపోతుందని శవాల ఎముకలపై చేసిన పరీక్షల్లో తేలింది, అంటే మెడ విరిగే ప్రమాదం ఉంది. చెక్కాక బల్ల మీదే కాలును అన్ని వైపులా తిప్పి ఇంకా తగులుతోందేమో చూస్తారు. చివర క్యాప్సూల్‌ను కుట్టేస్తారు. ఒకప్పుడు దాన్ని అలాగే వదిలేసేవాళ్లు. కొందరిలో కీలు వదులైపోయిందని గమనించాక చాలామంది సర్జన్లు మూయడం మొదలుపెట్టారు.

కోసేయడమా, కుట్టడమా, కొత్తది వేయడమా

తొలి రోజుల్లో చిరిగిన ముక్కను కోసి తీసేయడమే పద్ధతి. దానివల్ల నొప్పి తగ్గేది, సీలు మాత్రం పోయేది. 2006లో గాంజ్ బృందమే రెండు గుంపులను పోల్చి చూసింది. లేబ్రమ్ తీసేసిన 25 తుంట్లలో రెండేళ్ల తర్వాత అద్భుతం అనదగ్గ ఫలితం 28 శాతంలోనే కనిపించింది. తిరిగి అతికించిన 35 తుంట్లలో అది 80 శాతం. అయితే వాళ్లు చిట్టీలు తీసి పేషెంట్లను పంచలేదు. ముందు తీసేయడం, తర్వాతి రోజుల్లో అతికించడం చేశారు. ఈలోపు సర్జన్ల చెయ్యి కూడా తిరిగి ఉంటుంది కదా.

లాటరీ పద్ధతిలో పంచి చేసిన చిన్న ప్రయోగం 2013లో వచ్చింది. 36 మంది మహిళలు, సగానికి కుట్టారు, సగానికి చెడిన భాగం మాత్రమే తీశారు. రెండు గుంపులూ మెరుగుపడ్డాయి, కుట్టించుకున్నవాళ్లు ఎక్కువ మెరుగుపడ్డారు. సంఖ్య చిన్నదే అయినా ఫలితం అదే దిక్కున ఉండటంతో, కుట్టగలిగితే కుట్టడమే ఇప్పుడు ఎక్కువమంది దారి. లేబ్రమ్ మరీ నలిగి కుట్టడానికి ఏమీ మిగలకపోతే తొడ పక్కన కండరాలను కప్పి ఉండే ఫేషియా పొర పట్టీనో, దాత కణజాలాన్నో తెచ్చి కొత్త అంచు కడతారు. ఇది ఎక్కువగా రెండోసారి ఆపరేషన్లలో చూస్తాం.

ఫిజియోథెరపీతో పోలిస్తే ఎంత మేలు

అసలు వాదన ఇక్కడుంది. బ్రిటన్‌లో 23 ఆసుపత్రుల్లో 348 మందిపై జరిగిన యూకే ఫ్యాషన్ ట్రయల్ ఫలితాలు 2018లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. సగం మందికి కీహోల్ ఆపరేషన్, సగం మందికి వాళ్లవాళ్లకు తగ్గట్టు తీర్చిన ఫిజియోథెరపీ. కొలమానం ఐహాట్-33 అనే ప్రశ్నావళి, 100 వస్తే తుంటి బ్రహ్మాండంగా ఉన్నట్టు.

అంకెలను నిదానంగా చూద్దాం. ఆపరేషన్ వాళ్లు సగటున 39.2 దగ్గర మొదలై ఏడాదికి 58.8కి చేరారు. ఫిజియో వాళ్లు 35.6 నుంచి 49.7కి చేరారు. చివర్లో తేడా 9.1. కానీ ఆపరేషన్ గుంపు కాస్త పైనుంచే మొదలైంది. ఆ తేడాను, ఇతర అంశాలను సరిచేశాక మిగిలింది 6.8 పాయింట్లు. పేషెంటుకు తనకు తానుగా తేడా తెలియాలంటే 6.1 పాయింట్లు కావాలని ముందే లెక్క కట్టుకున్నారు. కాబట్టి ఆపరేషన్ గెలిచింది, కాస్త తేడాతో.

ఇవే అంకెల్లో ఇంకో సంగతి ఉంది. ఆపరేషన్ అయిన వాళ్ల సగటు కూడా 58.8 దగ్గరే ఆగింది, 90 దగ్గర కాదు. 'కుట్టేస్తే మామూలైపోతుంది' అన్న మాటను ఈ అంకె బలపరచదు. అలాగే ఫిజియో గుంపు కూడా 14 పాయింట్లు పెరిగింది. ఖర్చు లెక్కన ఏడాది మేరకు ఆపరేషన్ గిట్టుబాటు కాలేదని కూడా అదే బృందం రాసింది.

మరుసటి ఏడాది ఇంగ్లాండ్ నుంచే వచ్చిన ఫెయిట్ ట్రయల్‌లో 222 మంది ఉన్నారు. ఎనిమిది నెలలకు ఆపరేషన్ గుంపు వేరే ప్రశ్నావళి కొలమానంలో 10 పాయింట్లు ముందుంది. అయితే చెప్పుకోదగ్గంత మెరుగైన వాళ్లు ఆపరేషన్‌లో సగం మంది, ఫిజియోలో మూడో వంతు. దీన్నే తిప్పి చెప్పుకుంటే, ఆపరేషన్ చేయించుకున్న ఇద్దరిలో ఒకరికి ఆ మేర మెరుగుదల రాలేదు.

రెండో వైపు 2018లోనే అమెరికా సైనిక ఆసుపత్రిలో 80 మందిపై జరిగిన ప్రయోగంలో రెండేళ్లకు ఏ తేడా కనిపించలేదు. కానీ అందులో ఫిజియోకు కేటాయించిన వాళ్లలో దాదాపు 70 శాతం మధ్యలోనే ఆపరేషన్‌కు మారిపోయారు. అలాంటప్పుడు పోల్చేది దేన్ని దేంతో? ఆపరేషన్ వ్యతిరేకులు ఈ ప్రయోగాన్ని చూపిస్తే అనుకూలురు ఆ 70 శాతాన్ని చూపిస్తారు.

ఈ ప్రయోగాలన్నిటిలో ఒక లోటు ఉంది. ఎవరికి ఆపరేషన్ అయిందో పేషెంటుకు తెలుసు. ఆపరేషన్ అయిందన్న నమ్మకమే కొంత నొప్పి తగ్గించగలదు. 2021లో వచ్చిన 'ఫస్ట్' అనే పేరున్న ట్రయల్ దీన్ని కొంత పరీక్షించింది. రెండు గుంపులకూ కెమెరా పెట్టారు, లేబ్రమ్‌కు కావాల్సినచోట రెండింటిలోనూ కుట్టారు. ఒక గుంపుకు ఎముక చెక్కారు, రెండో గుంపుకు కీలును కడిగి వదిలేశారు. ఏడాదికి నొప్పిలో తేడా తేలలేదు. రెండేళ్లలో మళ్లీ బల్ల ఎక్కాల్సి వచ్చినవాళ్లు మాత్రం చెక్కిన గుంపులో తక్కువ.

ఆపరేషన్ ఆర్థరైటిస్‌ను ఆపుతుందా అన్న ప్రశ్నకు ఈ ట్రయల్స్ జవాబు చెప్పవు. అవి కొలిచింది నెలలు, రెండేళ్లు. అరుగుదలకు పట్టేది దశాబ్దాలు.

ఒకే రిపోర్టు, మూడు దారులు

ముగ్గుర్ని ఊహించుకుందాం. ముగ్గురి ఎమ్మారైలోనూ ముందు పైభాగంలో లేబ్రల్ చిరుగే.

మొదటి మనిషికి 27 ఏళ్లు, వారానికి మూడు రోజులు షటిల్ ఆడతాడు. ఎక్స్‌రేలో క్యామ్ ఉబ్బు స్పష్టంగా ఉంది, ఎముకల మధ్య ఎడం నిండుగా ఉంది. ఇంజెక్షన్ ఇస్తే నొప్పి పోయింది. నాలుగు నెలల ఫిజియోతో సగం తగ్గి ఆగిపోయింది. ట్రయల్స్‌లో మేలు పొందిన వాళ్లు ఎక్కువగా ఇలాంటి వాళ్లే.

రెండో ఆమెకు 54. ఎక్స్‌రేలో ఎడం 2 మిల్లీమీటర్ల కన్నా తగ్గింది, అంచుల్లో ఎముక ముళ్లు మొలిచాయి. ఇక్కడ చిరుగు అరుగుదలలో ఒక భాగం. ఎడం 2 మిల్లీమీటర్ల లోపు ఉన్నవాళ్లలో కీహోల్ తర్వాత కొద్ది ఏళ్లకే తుంటి మార్పిడి దాకా వెళ్లేవాళ్లు చాలా ఎక్కువ. వయసు ఒక్కటే అడ్డు కాదు. 40 దాటినా అరుగుదల తక్కువగా ఉన్నవాళ్లలో ఆపరేషన్ ఫిజియో కన్నా మెరుగని 2021లో అమెరికాలో జరిగిన ప్రయోగం చూపింది. ఎడం ఎంత మిగిలిందన్నదే ముఖ్యం.

మూడో అమ్మాయికి 22, కూచిపూడి నేర్చుకుంటోంది. అరమండిలో నొప్పి. ఎక్స్‌రేలో గుంట కప్పు కొలత 18 డిగ్రీలు. 25 దాటితే మామూలు, 20 లోపు డిస్‌ప్లేసియా. ఈమెకు లేబ్రమ్ కుట్టినా బరువు మళ్లీ దాని మీదే పడుతుంది. గాంజ్ 1980లలో రూపొందించిన గుంటను కోసి తిప్పే ఆపరేషన్, పెరిఎసిటాబ్యులర్ ఆస్టియోటమీ, ఇలాంటి వాళ్ల కోసమే. అది పెద్ద ఆపరేషన్, కీహోల్ కాదు.

అరుగుదల ముదిరితే ఏమవుతుందో టెన్నిస్ ఆటగాడు ఆండీ ముర్రే విషయంలో అందరూ చూశారు. 2018 జనవరిలో మెల్‌బోర్న్‌లో తుంటికి కీహోల్ సర్జరీ అయింది. ఏడాది తిరిగేసరికి ఆస్ట్రేలియన్ ఓపెన్ విలేకరుల సమావేశంలో, నొప్పి తట్టుకోలేక రిటైర్ అవుతానేమోనని కన్నీళ్లు పెట్టుకున్నాడు. 2019 జనవరిలో లండన్‌లో తుంటి రీసర్ఫేసింగ్ చేయించుకున్నాడు, అంటే అరిగిన తల మీద లోహపు టోపీ తొడగడం. ఆ అక్టోబరులో ఆంట్‌వెర్ప్‌లో సింగిల్స్ టైటిల్ గెలిచాడు.

తర్వాతి నెలలు, మిగిలే ప్రమాదాలు

చాలామంది అదే రోజో, మరుసటి రోజో ఇంటికి వెళ్తారు. రెండు నుంచి ఆరు వారాలు చంక కర్రలు, పాదం ఆనించినా పూర్తి బరువు వేయకుండా. ఆఫీసులో కూర్చుని చేసే పనికి కొన్ని వారాల్లో తిరిగి రావచ్చు. పరుగు, ఆటలు నాలుగు నుంచి ఆరు నెలల తర్వాతి మాట, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది.

మన ఇళ్లలో అడిగే ప్రశ్న వేరు. బాసింపట్టు వేసుకుని కూర్చోవచ్చా, ఇండియన్ టాయిలెట్ వాడవచ్చా? విదేశీ పేషెంట్ల కోసం రాసిన కరపత్రాల్లో వీటికి జవాబు దొరకదు. తొలి వారాల్లో తుంటిని 90 డిగ్రీలు దాటి వంచనివ్వరు, కాబట్టి గొంతుక్కూర్చోవడం అప్పట్లో కుదరదు. తర్వాత సంగతి ఎముక ఎంత చెక్కారు, గుంట ఆకారం ఎలా ఉంది అన్నదాన్ని బట్టి మారుతుంది. పూజ, భోజనం, పొలం పని అన్నీ నేల మీదే జరిగే ఇంట్లో ఇది ఆపరేషన్‌కు ముందే తేలాల్సిన విషయం, తేల్చే డాక్టర్లు తక్కువ.

ప్రమాదాల్లో ఎక్కువగా కనిపించేది లాగుడు వల్ల గజ్జల్లో, జననాంగాల దగ్గర తిమ్మిరి. చాలామందికి రోజుల్లోనో వారాల్లోనో తగ్గుతుంది. ఇప్పుడు కొన్ని కేంద్రాలు స్తంభం లేని బల్లలు వాడుతున్నాయి. తొడ ముందు పక్క చర్మం మొద్దుబారడం, కండరాల్లో అనవసరమైన ఎముక పెరగడం, కాలి సిరల్లో గడ్డలు, ఇన్‌ఫెక్షన్ తక్కువగా వస్తాయి. మెడ విరగడం, తలకు రక్తం ఆగడం అరుదు.

కొందరికి రెండోసారి ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. అలా వచ్చినవాళ్ల తుంటి తెరిచినప్పుడు సర్జన్లకు అన్నిటికన్నా తరచుగా కనిపించే కారణం కుట్టు ఊడిపోవడం కాదు, మొదటిసారి సరిగ్గా చెక్కకుండా మిగిలిపోయిన ఎముక. అందుకే రెండో ఆపరేషన్‌కు ముందు చాలామంది త్రీడీ సీటీ స్కాన్ తీసి, ఉబ్బు ఏ మూల మిగిలిందో కొలుచుకుంటారు.